వర్జీనియాలో బడి తెరిచే తేదీ: 1986–2019

బడి తెరిచే తేదీని 1986లో వర్జీనియా శాసనసభ తానే నిర్ణయించింది. సెప్టెంబరు తొలి సోమవారమైన కార్మిక దినోత్సవానికి ముందు పాఠశాలలు తెరవరాదన్నది నియమం. డాస్‌వెల్‌లోని వినోదోద్యానం పేరిట జనం దానిని ‘కింగ్స్ డొమినియన్ చట్టం’ అన్నారు. శాసనసభ పెట్టని ఆ పేరే దాని లబ్ధిదారులెవరో చెప్పింది. వేసవి చివరి వారాలలో ఇటువంటి ఉద్యానాలకు సందర్శకులే కాదు, పనివారైన విద్యార్థులూ కావాలి.

మంచు వలన తరచుగా మూతపడే మండలాలకు మినహాయింపు ఉండేది: గత పదేండ్లలో ఏ అయిదేండ్లలోనైనా ఏటా సగటున ఎనిమిది రోజులు బడి మూతపడి ఉండాలి. కాలక్రమంలో మినహాయింపు పొందిన మండలాలే అధికమయ్యాయి. తీరప్రాంతపు వర్జీనియా బీచ్‌కు ఆ ఆసరా లేదు. దేశవ్యాప్త పరీక్షలు మాత్రం అందరికీ మే నెలలోనే. అక్కడి పిల్లలకు బోధనదినాలు తగ్గేవి.

2019 సవరణ రెండు వారాల ముందుగా తెరవనిచ్చింది. అయితే కార్మిక దినోత్సవానికి ముందరి శుక్రవారం నుండి సెలవు తప్పనిసరి. ఆ వారాంతం పర్యాటకానికే దక్కింది.