బి.ఫార్మసీ చదువు: పేపర్ల వెనుక చరిత్ర

బి.ఫార్మసీ అంటే మందుల షాపు పెట్టుకోవడానికి చదివే చదువని చాలా ఇళ్లలో ఒక నమ్మకం. నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు నడిచే ఈ డిగ్రీలో షాపు గురించి చెప్పేది నిజానికి బహు కొద్ది. మందు ఏ మొక్కలోంచి, ఏ రసాయనంలోంచి వస్తుంది, మాత్రగా ఎలా మారుతుంది, ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తుంది, అందులో కల్తీ లేదని ఎలా రుజువు చేయాలి, ఏ చట్టానికి లోబడి అమ్మాలి? చదువంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. ఎవరో కూర్చుని ఒక్కసారిగా రాసిన సిలబస్ కూడా కాదిది. కొన్ని పేపర్ల వెనుక చట్టాలున్నాయి, కొన్నింటి వెనుక పరిశ్రమలున్నాయి, ఒకటి రెండింటి వెనుక చావులున్నాయి.

సూరత్ నగరంలో డిండోలిని ఆనుకుని ఉండే నవాగామ్ బట్టల పరిశ్రమ మీద బతికే వలస కుటుంబాల పేట. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చిన పద్మశాలీలు సూరత్‌లో తరాలుగా స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. ఈ ఇళ్లలోని పిల్లలు ఫార్మసీకి వెళ్లాలంటే గుజ్‌సెట్ రాస్తారు. వరంగల్‌లోనో సిరిసిల్లలోనో ఉన్న వాళ్ల బంధువుల పిల్లలు ఈఏపీసెట్ రాస్తారు. పరీక్ష వేరైనా లోపలి చదువు ఒకటే. బార్డోలి దగ్గరి మాలిబా ఫార్మసీ కాలేజీలోనైనా, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనైనా ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిర్ణయించిన ప్రమాణాలే చెల్లుతాయి.

ఈ ఏకరూపత రావడానికి చాలా కాలం పట్టింది. బ్రిటిష్ పాలనలో మందు కలిపి ఇచ్చే మనిషి కాంపౌండరు. డాక్టరు పక్కన నిలబడి చూసి నేర్చుకోవడమే అతని చదువు. నాసిరకం క్వినైన్ లాంటి సరుకు దేశమంతా పారుతుంటే 1930లో ప్రభుత్వం కర్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన విచారణ సంఘం వేసింది. మందుల మీద అదుపుకు కేంద్ర చట్టం కావాలని, మందులిచ్చేవారికి పద్ధతైన శిక్షణ ఉండాలని ఆ సంఘం మరుసటి ఏడాది తేల్చింది. ప్రభుత్వం కదిలేలోపే ఒక అధ్యాపకుడు కదిలాడు. మహాదేవ లాల్ ష్రాఫ్ 1932లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఔషధ రసాయన శాస్త్రాన్ని డిగ్రీ పాఠ్యాంశంగా ప్రవేశపెట్టాడు. 1937 నాటికి అక్కడే మూడేళ్ల బి.ఫార్మసీ మొదలైంది. ఈ చదువు ఆసుపత్రిలో కాక రసాయన ప్రయోగశాలలో కళ్లు తెరిచిందన్నది గుర్తుంచుకోదగ్గ విషయం. ఆ పుట్టుమచ్చ ఇంతవరకూ చెరగలేదు.

1940లో డ్రగ్స్ చట్టం, 1948లో ఫార్మసీ చట్టం, 1949లో ఫార్మసీ కౌన్సిల్ వచ్చాయి. గుజరాత్‌లో తొలి ఫార్మసీ కాలేజీ, అహ్మదాబాద్‌లోని ఎల్.ఎం. కాలేజ్ ఆఫ్ ఫార్మసీ, 1947లో ప్రారంభమైంది. తెలుగు నేల మీద 1951లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ చదువును మొదలుపెట్టింది.

అసలు మెలిక 1948 చట్టం తర్వాత పడింది. ఫార్మసిస్టుగా పేరు నమోదు చేయించుకుని షాపులో నిలబడడానికి డిప్లొమా చాలు. మరి డిగ్రీ ఎందుకు? జవాబు పరిశ్రమ ఇచ్చింది.

సూరత్‌లో పుట్టిన రసాయన శాస్త్రవేత్త త్రిభువన్‌దాస్ గజ్జర్ వడోదరలో అలెంబిక్ సంస్థకు పునాది వేసినవారిలో ఒకడు. అది 1907 నాటి మాట. బొంబాయిలో ఎవరో తారు పూసిన విక్టోరియా రాణి విగ్రహాన్ని తిరిగి తెల్లగా చేసి పేరు తెచ్చుకున్నదీ ఆయనే. హైదరాబాద్ సంగతికొస్తే, 1961లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ బాలానగర్‌లో కర్మాగారం పెట్టింది. అందులో పనిచేసిన కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఈ రెండింటి మధ్య వచ్చిన 1970 పేటెంట్ల చట్టం మందుకు కాకుండా మందు తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది. ఇంకో దారిలో అదే మందు చేయగలిగిన రసాయనవేత్తకు గిరాకీ పెరిగింది. ఆర్గానిక్ కెమిస్ట్రీ మూడు సెమిస్టర్లు, మెడిసినల్ కెమిస్ట్రీ మరో మూడు సెమిస్టర్లు చదువుతూ నిట్టూర్చే విద్యార్థి ఈ చరిత్రను తలుచుకుంటే కాస్త ఊరట.

ఇప్పుడు నడుస్తున్న ప్రణాళిక 2014 నిబంధనలది. మొదటి సెమిస్టర్‌లోనే ఒక చిన్న సర్దుబాటు కనిపిస్తుంది. బైపీసీ నుంచి వచ్చినవాళ్లకు లెక్కలు, ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లకు జీవశాస్త్రం కొత్తగా చెబుతారు. ఆ తర్వాత శరీర నిర్మాణం, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఇంజినీరింగ్ వరసగా వస్తాయి. ఇంజినీరింగ్ ఎందుకంటే పొడిని నూరడం, జల్లించడం, ఆరబెట్టడం, కలపడం ఫ్యాక్టరీ స్థాయిలో చేయాలంటే యంత్రాల లెక్క తెలియాలి కనుక.

ఫార్మకాగ్నసీది వేరే లోకం. మొక్కలు, బెరడులు, గింజలు సూక్ష్మదర్శిని కింద పెట్టి అసలుదేదో నకిలీదేదో పట్టుకోవడం ఇక్కడ నేర్పుతారు. ఉత్తర గుజరాత్‌లోని ఉంఝా ఇసబ్‌గోల్‌కు పేరున్న మార్కెట్టు. ఆ ఇసబ్‌గోల్ నీళ్లలో ఎంత ఉబ్బుతుందో కొలజాడీలో చూసి నాణ్యత చెప్పే ప్రయోగం ఈ సబ్జెక్టులో పాతకాపు. ఫార్మకాలజీ ల్యాబులో మాత్రం కాలం మారింది. ఒకప్పుడు కప్ప గుండె మీద మందు వేసి, మసి పూసిన డ్రమ్ము మీద గీతలు గీయించేవారు. జంతు ప్రయోగాల మీద ఆంక్షలు వచ్చాక వాటి స్థానంలో కంప్యూటర్ సాఫ్ట్‌వేర్, వీడియోలు చేరాయి.

నాణ్యత పాఠాలు రక్తంతో రాసినవి. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్‌ను డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి సిరప్‌గా అమ్మితే నూరుమందికి పైగా చనిపోయారు. 1986లో బొంబాయి జేజే ఆసుపత్రిలో అదే విషం కలిసిన గ్లిజరాల్ వల్ల 14 మంది ప్రాణాలు పోయాయి. జస్టిస్ లెంటిన్ కమిషన్ దాని మీద విచారణ జరిపింది. రెండు చోట్లా దోషం వాడిన ద్రవంలోనే ఉంది. ఆరో సెమిస్టర్‌లోని క్వాలిటీ అష్యూరెన్స్ పేపర్ సారం అదే: తయారైన సీసాను పరీక్షించడంతో సరిపోదు, లోపలికి వచ్చే ప్రతి డ్రమ్మునూ అనుమానించాలి. ఆ సెమిస్టర్ అయ్యాక విద్యార్థులు పరిశ్రమలోనో ఆసుపత్రిలోనో కనీసం 150 గంటలు పనిచేసి రావాలి. సూరత్ విద్యార్థులకు అంకలేశ్వర్ పారిశ్రామికవాడ, హైదరాబాద్ వాళ్లకు జీడిమెట్ల, విశాఖ వాళ్లకు పరవాడ అందుబాటులో ఉన్నాయి.

ఇన్ని పాఠాలు ఒక్క మందులో చూడాలంటే టెట్రాసైక్లిన్‌ను మించినది లేదు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్న మాట పుట్టగానే లక్షల మంది ఊరు విడిచిపోయారు. రైళ్లలో కాలు పెట్టే చోటు లేదు. మిగిలినవాళ్లు టెట్రాసైక్లిన్ కోసం మందుల షాపుల మీద పడ్డారు. నగరంలో నిల్వలు అయిపోయి బయటినుంచి తెప్పించాల్సి వచ్చింది. దేశం మొత్తం మీద చనిపోయినవారు 50 మందికి పైగా.

ఆ క్యాప్సూల్‌కు ఒక తెలుగు మూలం ఉంది. దాని కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తీశాడు. అక్కడ పరిశోధనలకు అప్పటి సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో ఆ మందు లోకానికి వెల్లడైంది, ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. మట్టిలోంచి వచ్చింది కనుక అది మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ పాఠం. పాలతో మింగితే కాల్షియంతో ముడిపడి ఒంటికి పట్టదు, అది రసాయన శాస్త్రం. చిన్నపిల్లలకు ఇస్తే పళ్లు పచ్చబడతాయి, అది ఫార్మకాలజీ. గడువు దాటి చెడిపోయినది మూత్రపిండాలకు చేటు, అది నిల్వ పాఠం. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అది చట్టం పాఠం. ఎగబడ్డ జనానికి ఈ ఐదూ ఓపిగ్గా చెప్పగలిగిన మనిషి కౌంటర్ దగ్గరే ఉండాలి. నాటి సిలబస్‌కు ఆ మనిషి మీద పెద్దగా ధ్యాస లేదు.

తర్వాతి సంస్కరణలు కొంతవరకు అటు చూశాయి. 2008లో రోగి పక్కన నిలిచే ఆరేళ్ల ఫార్మ్.డి కోర్సు వచ్చింది. 2014 ప్రణాళికలో ఏడో సెమిస్టర్‌లో ఫార్మసీ ప్రాక్టీస్, ఎనిమిదో సెమిస్టర్‌లో వ్యాధి నివారణ, ప్రజారోగ్యం గురించి చెప్పే పేపరు చేరాయి. దుష్ప్రభావాల మీద నిఘా పెట్టే ఫార్మకోవిజిలెన్స్‌ను మాత్రం ఇష్టమైతే తీసుకునే ఎలక్టివ్‌లలో ఉంచారు.

ఇది చాలదు. రోగితో మాట్లాడడం నేర్పే ఆ ఫార్మసీ ప్రాక్టీస్ పేపరుకు ఈ ప్రణాళికలో ల్యాబు లేదు, పుస్తకంలో చదివి పరీక్ష రాయడమే. అదే సెమిస్టర్‌లో పరికరాలతో రసాయనాలను కొలిచే పేపరుకు మాత్రం ల్యాబు ఉంది. రోగితో మాట్లాడడాన్ని కూడా ప్రయోగ పరీక్షగా పెట్టే వరకు ఈ డిగ్రీ మంచి తయారీదారులనే ఎక్కువగా తయారుచేస్తుంది.