కారులోకి విద్యుత్తు వచ్చిన దారి

మోటారుకారులోని దీపాలు, చల్లదనం, భద్రతా ఏర్పాట్లు నేడు వేరువేరు సౌకర్యాలుగా కనిపిస్తాయి. కారుతో పాటు ఇచ్చే పుస్తకంలోనూ వాటికి వేరువేరు అధ్యాయాలే ఉంటాయి. చరిత్ర తిరగేసి చూస్తే మాత్రం ఇవి చాలావరకు ఇంజన్‌ను చేత్తో తిప్పే బాధ తప్పించడానికి వచ్చిన ఒక బ్యాటరీని ఆసరా చేసుకుని చేరినవేనని తెలుస్తుంది. ఆ చేరిక జరిగిన తీరులో ఒక వింత ఉంది. హాయినిచ్చే పరికరాలు కొనుగోలుదారుల ఆసక్తి వల్ల తమంతట తామే నిలదొక్కుకోగా, ప్రాణం కాపాడే పరికరాల్లో అనేకం చట్టం వెనక నుంచి తోస్తే తప్ప సామాన్యుల కారు దాకా రాలేదు.

తొలినాటి కార్లలో విద్యుత్తు బొత్తిగా లేదనడం సరికాదు. సిలిండరులోని పెట్రోలు ఆవిరిని మండించే నిప్పురవ్వ కోసం చిన్న బ్యాటరీనో, ఇంజన్‌తో పాటు తిరుగుతూ అయస్కాంతం సాయంతో కరెంటు పుట్టించే మాగ్నెటోనో వాడేవారు. జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థలో పనిచేసిన గాట్‌లోబ్ హోనోల్డ్ 1902లో రూపొందించిన అధిక వోల్టేజి మాగ్నెటో ఆ పనిని నమ్మకంగా చేసింది. అయితే ఆ విద్యుత్తు నిప్పురవ్వకే అంకితం. ఇంజన్ ఆగితే అదీ ఆగిపోయేది. రాత్రి వెలుతురుకు దిక్కు కిరోసిన్ దీపమో, తిరునాళ్ల అంగళ్లలో ఒకప్పుడు వెలిగిన కార్బైడు దీపమో అయ్యేది. కార్బైడు దీపంలో కింది గదిలో కాల్షియం కార్బైడు ముక్కలు, పై గదిలో నీళ్లు ఉంటాయి. నీటి బొట్లు పడిన కొద్దీ ఎసిటిలీన్ వాయువు పుట్టి, అగ్గిపుల్ల ముట్టిస్తే తెల్లని మంటతో వెలుగుతుంది. అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరంలో కార్ల్ ఫిషర్, జేమ్స్ ఆలిసన్ తదితరులు 1904లో ప్రెస్ట్-ఓ-లైట్ పేరుతో ఈ వాయువును సిలిండర్లలో నింపి అమ్మే వ్యాపారం మొదలుపెట్టారు. ఒత్తిడికి గురైతే పేలే స్వభావం ఎసిటిలీన్‌కు ఉంది కనుక, సిలిండరు లోపల సన్నని రంధ్రాలున్న పదార్థాన్ని కూరి, దాన్ని ఎసిటోన్ ద్రవంలో తడిపి, ఆ ద్రవంలో వాయువును కరిగించేవారు. 1909లో ఇండియానాపొలిస్ పందెపు బాటను కట్టించినవారిలో ముఖ్యుడు ఈ ఫిషరే.

విద్యుద్దీపం అమర్చే ప్రయత్నం అప్పటికే జరగకపోలేదు. కొలంబియా విద్యుత్ కారులో 1898లోనే అలాంటి దీపాలు ఉన్నాయి. కానీ గతుకుల దారిలో కుదుపులకు బల్బులోని సన్నని తీగ తెగిపోయేది. కారులో ఇమిడేటంత చిన్నదిగా, చాలినంత కరెంటు ఇచ్చేటంత గట్టిదిగా డైనమోను తయారు చేయడమూ కష్టమైంది. దీపాల కోసమే అంత ఖర్చూ బరువూ మోయడానికి తయారీదారులు పెద్దగా ముందుకు రాలేదు. ఆ ఖర్చును సమర్థించగల మరో అవసరం కావలసి వచ్చింది.

ఆ అవసరం కారు ముందు భాగాన వేలాడే ఇనుప హ్యాండిల్ రూపంలో ఉండనే ఉంది. ఇంజన్ లేవాలంటే మనిషి కారు ముందు నిలబడి ఆ హ్యాండిల్ కొట్టాలి. నిప్పురవ్వ పడే సమయాన్ని ముందుగా వెనక్కి సర్దకపోతే, పిస్టన్ పైకి చేరకముందే పెట్రోలు అంటుకుని ఇంజన్ ఎదురుతిరిగేది. ఆ దెబ్బకు మణికట్లు, దవడలు విరిగిన సందర్భాలు కోకొల్లలు. కారు తయారీదారుడైన బైరన్ కార్టర్ 1908లో మరణించడానికి అలాంటి దెబ్బే కారణమని, స్నేహితుడి మరణానికి కలత చెందిన క్యాడిలాక్ సంస్థ అధిపతి హెన్రీ లెలాండ్ హ్యాండిల్‌ను తొలగించి తీరాలని పట్టుబట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథలోని వివరాలు ఎంతవరకు నిజమైనా, ఆ పని లెలాండ్ ఎవరికి అప్పగించాడన్నది మాత్రం చరిత్రకు స్పష్టంగా తెలుసు.

ఆ పని అందుకున్న చార్లెస్ కెటరింగ్, ఒహైయో రాష్ట్రంలోని డేటన్‌లో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో పనిచేస్తూ, దుకాణాల్లో డబ్బు లెక్కగట్టే యంత్రానికి విద్యుత్ మోటారు అమర్చినవాడు. తన సహచరుడు ఎడ్వర్డ్ డీడ్స్ ఇంటి వెనుక కొట్టంలో మిత్రులతో కలిసి ప్రయోగాలు చేస్తూ, 1909లో అతడితో కలిసి డెల్కో సంస్థను స్థాపించాడు. ఇంజన్‌ను తిప్పగల మోటారు దాదాపు ఇంజనంత పెద్దదై ఉండాలని ఆనాటి నిపుణులు లెక్కలు వేసి చెప్పేవారు. రోజంతా ఆగకుండా తిరిగే మోటారుకైతే ఆ లెక్క సరైనదే. క్యాష్ రిజిస్టరు మోటారు క్షణకాలం పనిచేసి ఆగుతుంది కనుక, అంత కొద్దిసేపట్లో వేడెక్కి కాలిపోయే ప్రమాదం లేకుండా దానిపై మామూలు కంటే ఎంతో ఎక్కువ భారం వేయవచ్చునని కెటరింగ్‌కు అనుభవం చెప్పింది. ఇంజన్‌ను లేపడానికి కావలసిందీ కొన్ని సెకన్ల బలమే. అందువల్ల అతడు చిన్న మోటారునే తీసుకుని, ఇంజన్ లేచాక అదే యంత్రం డైనమోగా మారి బ్యాటరీని తిరిగి నింపేలా అమర్చాడు. 1912 నాటి క్యాడిలాక్ కార్లలో సెల్ఫ్ స్టార్టర్, విద్యుద్దీపాలు, నిప్పురవ్వ ఏర్పాటు మూడూ ఒకే వ్యవస్థగా వచ్చాయి. దీపాల కోసం పెట్టలేని ఖర్చు స్టార్టర్ కోసం పెట్టవలసి వచ్చింది. దీపాలు ఆ బ్యాటరీకి తోడుగా వచ్చి చేరాయి.

ధర తక్కువగా ఉంచడమే ధ్యేయమైన ఫోర్డ్ మోడల్ టి కారు చాలాకాలం ఈ మార్పుకు దూరంగా ఉండిపోయింది. 1915 నుంచి దానికి విద్యుద్దీపాలు అమర్చినా వాటికి కరెంటు మాగ్నెటో నుంచే అందేది కనుక, ఇంజన్ నెమ్మదిస్తే వెలుతురూ మసకబారేది, అంటే చీకటి దారిలో జాగ్రత్తగా మెల్లగా వెళ్లేవాడికే దారి సరిగా కనిపించేది కాదు. స్టార్టర్ దానికి 1919లో గాని రాలేదు. మరోవైపు, హ్యాండిల్ కొట్టనక్కర్లేదన్న కారణంగా ఆదరణ పొందుతూ వచ్చిన బ్యాటరీ కార్లు ఆ ప్రత్యేకతను పోగొట్టుకున్నాయి. బ్యాటరీయే వచ్చి బ్యాటరీ కారును వెనక్కి నెట్టడం ఈ చరిత్రలోని చమత్కారాల్లో ఒకటి.

డైనమో యుగం 4 దశాబ్దాలకు పైగా సాగింది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో చాలినంత కరెంటు ఇవ్వలేదు. పైగా బ్యాటరీలోని కరెంటు వెనక్కి డైనమోలోకి పారకుండా కటౌట్ అనే స్విచ్ కాపలా ఉండాలి. 1950ల మధ్యలో పెద్ద ఇంజన్లను లేపడానికి 6 వోల్టులు చాలక అమెరికా కార్లు 12 వోల్టులకు మారాయి. 1960లో క్రైస్లర్ సంస్థ తన వేలియంట్ కారులో ఆల్టర్నేటర్‌ను ప్రవేశపెట్టింది. అది ముందు దిశ మారే కరెంటును పుట్టించి, సిలికాన్ డయోడ్ల ద్వారా దాన్ని ఒకే దిశలో పారేలా చేసి బ్యాటరీకి పంపుతుంది. ఇంజన్ నింపాదిగా తిరుగుతున్నప్పుడు కూడా తగినంత విద్యుత్తు అందడంతో, ఆ తర్వాత కారులో ఎన్ని పరికరాలు పెట్టినా భరించే స్తోమత ఏర్పడింది.

దీపాలు ప్రకాశవంతమైన కొద్దీ ఎదుటివాడి కళ్లు మిరుమిట్లు గొలపడం కొత్త సమస్య అయింది. 1920ల మధ్యలో జర్మనీకి చెందిన ఒస్రామ్ సంస్థ ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు అమర్చి, ఒకటి దూరానికి, మరొకటి కిందికి వెలుతురు పడేలా చేసింది. డ్రైవర్లు డిమ్, బ్రైట్ అని పిలుచుకునే ఏర్పాటుకు మూలం అదే. 1940 నుంచి అమెరికాలో ఫిలమెంటు, అద్దం, కటకం అన్నీ ఒకే గాజు గుల్లలో మూసి ఉంచే సీల్డ్ బీమ్ దీపమే ప్రమాణమైంది. దుమ్ము, తడి లోపలికి చేరవు గనుక అది మొదట్లో మేలే చేసింది గాని, ఆ ఒక్క పద్ధతినే దశాబ్దాల తరబడి నిర్బంధం చేయడంతో, 1962లో ఐరోపాలో హాలోజన్ బల్బులు వచ్చిన తర్వాత కూడా అమెరికా దీపాలు వెనకబడే ఉన్నాయి. మేలు కోసం చేసిన నిబంధన కాలం మారాక అడ్డంకి కావడానికి ఇది మంచి ఉదాహరణ. 1957లో ఐరోపాలో ఎదుటివారి వైపు తక్కువగా, దారి అంచు వైపు ఎక్కువగా వెలుగు పడే డిమ్ దీపం అనుమతి పొందింది. భారతదేశంలో ఎడమ వైపున నడపాలి కనుక ఆ వెలుగు ఎడమ అంచుకు సాగాలి. కుడివైపు నడిచే దేశాల దీపాన్ని తెచ్చి ఇక్కడి కారుకు బిగిస్తే అది నేరుగా ఎదుటి డ్రైవరు కళ్లలోనే కొడుతుంది. మన దేశంలో హెడ్‌లైటు అద్దంపై నల్లరంగు పూయించే ఆచారం చాలాకాలం సాగింది. అది దీపం నిర్మాణంలో జరగవలసిన సర్దుబాటును కుంచెతో చేయబూనడమే.

చల్లదనం చరిత్రలో కెటరింగ్ మళ్లీ ఎదురవుతాడు. జనరల్ మోటార్స్ పరిశోధనా విభాగానికి అధిపతి అయిన తర్వాత, విషపూరితమైన సల్ఫర్ డయాక్సైడు, అమ్మోనియాలకు బదులుగా ఫ్రిజ్‌లలో వాడదగిన వాయువును కనిపెట్టే పనిని అతడు థామస్ మిడ్‌గ్లీకి అప్పగించాడు. పెట్రోలులో సీసం కలిపే పద్ధతిని 1921లో కనుగొన్న మిడ్‌గ్లీయే ఆ దశాబ్దం చివర మండని, విషం కాని ఆర్-12 వాయువునూ తెచ్చాడు. ఏసీ సూత్రం క్లిష్టమైనదేమీ కాదు: కంప్రెసరు వాయువును నొక్కుతుంది, వేడెక్కిన ఆ వాయువు ముందున్న జాలీలో వేడి వదిలి ద్రవమవుతుంది, సన్నని దారిగుండా విడుదలై తిరిగి ఆవిరయ్యేటప్పుడు లోపలి గాలిలోని వేడిని గుంజుకుంటుంది. 1939 చివర ప్యాకార్డ్ సంస్థ తన 1940 మోడల్ కార్లలో 274 డాలర్ల అదనపు ధరకు ఈ ఏర్పాటును అందించింది. చల్లబరిచే భాగం డిక్కీలో చాలా చోటు ఆక్రమించేది. అంతకంటే పెద్ద లోపం, కంప్రెసరును ఆపడానికి స్విచ్ లేకపోవడం. చలి ఎక్కువైతే ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. ఆ తర్వాత కంప్రెసరుకు విద్యుదయస్కాంత క్లచ్ చేరడంతో మీట నొక్కితే కలిసే, వదిలితే విడిపోయే సౌలభ్యం కలిగింది. ఇంజన్ బలంతో తిరిగే కంప్రెసరుకు కూడా విద్యుత్తు అదుపు లేనిదే జనామోదం దొరకలేదని దీన్నిబట్టి అర్థమవుతుంది. 1954లో నాష్ సంస్థ వేడి, చల్లదనం రెంటినీ ఒకటిగా చేసి కారు ముందు భాగంలోనే ఇమిడ్చింది. ఏసీ గాలిలోని తేమను కూడా తీసేస్తుంది కనుక, వానాకాలంలో లోపలి అద్దంపై పట్టే ఆవిరిని తొలగించి చూపు నిలబెట్టే పని కూడా చేస్తుంది. ఈ ఉపయోగాన్ని మాత్రం ఏసీ ఉన్నవారిలోనూ చాలామంది గుర్తించరు. మేలుగా భావించిన ఆర్-12 ఓజోన్ పొరకు చేటని 1974లో శాస్త్రవేత్తలు మోలీనా, రోలండ్ హెచ్చరించగా, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత 1990లలో కార్లు ఆర్-134ఏ వాయువుకు మారాయి. మిడ్‌గ్లీ మొదటి ఆవిష్కరణ అయిన సీసం కలిపిన పెట్రోలును కూడా భారతదేశం 2000లో విడిచిపెట్టింది.

భద్రత విషయానికొస్తే, సీటు బెల్టుకు విద్యుత్తుతో పనిలేదు. స్వీడన్‌కు చెందిన వోల్వో సంస్థలో, అంతకుముందు యుద్ధవిమానాల ఎజెక్షన్ సీట్లపై పనిచేసిన నిల్స్ బోలిన్ 1959లో మూడు చోట్ల బిగిసే బెల్టును రూపొందించాడు; సంస్థ ఆ పేటెంటును ఇతరులకూ వాడుకోనిచ్చింది. అయినా జనానికి దాన్ని పెట్టుకునే అలవాటే రాలేదు. 1965లో కార్ల భద్రతా లోపాలను ఎత్తిచూపుతూ వచ్చిన రాల్ఫ్ నాడర్ పుస్తకం రేపిన చర్చ దరిమిలా, 1966లో అమెరికా వాహన భద్రతా చట్టం చేసింది. 1974 మోడల్ కార్లకు ముందు సీట్లలోనివారు బెల్టు పెట్టుకోకపోతే స్టార్టరు తిరగని విధంగా విద్యుత్ తాళం పెట్టమని నిబంధన వచ్చింది. సీటుపై కిరాణా సంచి పెట్టినా మనిషే కూర్చున్నాడనుకుని అది కారును కదలనిచ్చేది కాదు. జనం కోపానికి తలొగ్గి అదే ఏడాది అక్టోబరులో అమెరికన్ కాంగ్రెస్ ఆ తాళాన్ని నిషేధించడమే గాక, హెచ్చరిక మోతను కూడా 8 సెకన్లకు మించి తప్పనిసరి చేయరాదని శాసించింది. మనిషి ప్రమేయం లేకుండా పనిచేసే ఎయిర్‌బ్యాగ్‌పై ఆశ పెరగడానికి ఇదీ ఒక కారణం. ఢీకొన్న క్షణంలో సెన్సరు పంపే కరెంటు చిన్న ఇంధన గుళికను రగిలిస్తుంది. పుట్టిన వాయువు కనురెప్ప కొట్టేలోగా సంచిని నింపుతుంది. బ్యాటరీ నుజ్జయినా పని ఆగకుండా కెపాసిటరులో కరెంటు నిల్వ ఉంటుంది. 1970ల మధ్యలో జనరల్ మోటార్స్ దీన్ని అమ్మజూపినా కొన్నవారు కొద్దిమందే. అమెరికాలో ప్రతి కారుకూ చేరింది 1990లలో చట్టం వచ్చాకే. బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగిసి జారిపోకుండా చూసే ఏబీఎస్‌ను 1978లో బాష్, మెర్సిడెస్ బెంజ్ కలిసి మార్కెట్లోకి తెచ్చాయి.

ఇన్ని సెన్సర్లు, మోటార్లు చేరేసరికి వైర్ల కట్టలు మోయరానివయ్యాయి. 1986లో బాష్ ప్రకటించిన క్యాన్ అనే పద్ధతిలో, ప్రతి స్విచ్ నుంచి ప్రతి పరికరానికీ వేరే తీగ లాగకుండా, రెండు తీగల మీదే పరికరాలన్నీ సంకేతాలు పంచుకుంటాయి. ఆటోనగర్ ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంపుతో తీగను తడిమి లోపం పట్టుకునే రోజులు పోయి, కంప్యూటరు తగిలిస్తే గాని రోగం తెలియని రోజులు ఆ మార్పుతోనే వచ్చాయి. ఈ పరికరాలన్నిటికీ ఆసరా అయిన బ్యాటరీ తయారీ తెలుగునాట కూడా వేళ్లూనింది. గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి సమీపంలోని కరకంబాడి నుంచి మొదట టెలికాం, రైల్వేలకు, అనంతరం కార్లకు బ్యాటరీలు అందించింది.

భారతదేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల కింద ముందు సీట్లకు బెల్టులు 1994లోనూ, వెనుక సీట్లకు 2002లోనూ తప్పనిసరయ్యాయి. 2014లో కార్లను ఢీకొట్టించి భద్రతకు నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షించిన మారుతి ఆల్టో 800, టాటా నానో సహా అయిదు చిన్న కార్లూ సున్నా నక్షత్రాలే పొందడంతో మార్కెట్లో అలజడి రేగింది. 2019 జులై 1 నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, బెల్టు పెట్టుకోమని మోగే హెచ్చరిక, వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటితే వినిపించే హెచ్చరిక, వెనుక పార్కింగ్ సెన్సర్లు ప్రతి కొత్త కారులో ఉండితీరాలన్నారు. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో దేశీయ నక్షత్ర పరీక్షలూ మొదలయ్యాయి. ఈలోగా బెల్టు హెచ్చరిక మోతను నోరు మూయించడానికి, బెల్టు నాలుకను పోలిన లోహపు క్లిప్పులు అంగళ్లలోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్ముడుపోసాగాయి. బకిల్‌లో ఆ క్లిప్పు దూరిస్తే మనిషి బెల్టు పెట్టుకున్నాడనే కారు నమ్ముతుంది. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ విక్రయ వేదికలకు ఆదేశాలు జారీ చేసి, అలాంటి క్లిప్పుల 13,118 ప్రకటనలను తొలగింపజేసింది.