గిన్నెలు కడగడానికి అంత దూరమా? హోటల్ చదువులో ఇంటర్న్‌షిప్ కథ



మొన్న మా హాస్టల్ గదిలో పెద్ద చర్చే నడిచింది. మాతో ఉండే ఒకన్న విదేశంలో హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ చేద్దామనుకుంటున్నాడు. కోర్సులో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఉందని ఫోన్‌లో ఇంటికి చెప్తే వాళ్ల నాయన ఒకటే మాట అడిగాడు: "ఫీజు కట్టి మరీ ఎంగిలి గిన్నెలు కడగడానికి అంత దూరం పోవాల్నా?" మాలో ఎవరికీ జవాబు తోచలేదు. అందుకే ఈ చదువు ఎట్లా పుట్టిందో వెతికి చదివాం.

1850లో స్విట్జర్లాండ్ కొండల్లో, నీడర్‌వాల్డ్ అనే చిన్న ఊళ్లో, పేద రైతు ఇంట్లో పదమూడో బిడ్డగా సీజర్ రిట్జ్ పుట్టాడు. బ్రిగ్ పట్నంలో ఒక హోటల్లో పని నేర్చుకోవడానికి చేరితే, ఈ పని నీకు చేతకాదని యజమాని పంపించేశాడు. 1867లో పరాయి దేశం ఫ్రాన్స్ వెళ్లి, పారిస్‌లో చిన్న చిన్న పనులతో మళ్లీ మొదలుపెట్టాడు. వెయిటర్‌గా వడ్డిస్తూనే అతిథికి ఏం కావాలో కనిపెట్టడం నేర్చుకున్నాడు. 1898లో అదే పారిస్‌లో తన పేరుతో హోటల్ తెరిచాడు. ఆయన దగ్గర ఏ డిగ్రీ లేదు. పనే ఆయన బడి.

అప్పట్లో స్విట్జర్లాండ్‌కు యాత్రికులు బాగా పెరిగారు, పని తెలిసిన మనుషులు చాలలేదు. అందుకే 1893లో జాక్ చుమి అనే హోటల్ పెద్ద లొజాన్‌లో స్కూల్ పెట్టించాడు. ప్రపంచంలో మొదటి హోటల్ స్కూల్‌గా దాన్నే చెప్తారు. తరగతులు మొదలైంది కూడా ఒక హోటల్ గదుల్లోనే. తర్వాత 1922లో అమెరికాలో, హోటల్ యజమానులు అడిగితే, కార్నెల్ యూనివర్సిటీలో హోవర్డ్ మీక్ ఈ కోర్సు మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ క్యాంపస్‌లోనే స్టాట్లర్ అనే హోటల్ నడుస్తోంది, విద్యార్థులు అందులో పని చేస్తారు. అంటే ముందు పని పుట్టింది, దాని వెనక డిగ్రీ వచ్చింది.

పరాయి దేశం నుంచి వెళ్లిన విద్యార్థికి ఈ పని ఇంకా ముఖ్యం. అక్కడి పిల్లలకు మేనమామో, స్నేహితుడో ఎవరో ఒకరు ఉంటారు, ఒక మాట చెప్తారు. మనకు అక్కడ ఎవరున్నారు? ఆ ఆరు నెలల్లో వంటగది, రిసెప్షన్, గదుల పని చూస్తాం. కోపంలో ఉన్న అతిథితో వాళ్ల భాషలో మాట్లాడటం తరగతిలో రాదు, అక్కడే వస్తుంది. "ఈ పిల్ల పని చేయగలదు" అని చెప్పే మేనేజర్ ఒకరు దొరుకుతారు. మొదటి ఉద్యోగానికి ఆ మాటే దారి చూపిస్తుంది.

అయితే నాయన అనుమానం కూడా తప్పు కాదు. నేర్పించకుండా చౌకగా పని చేయించుకునే చోట్లూ ఉంటాయి. అందుకే రూల్స్ తెలుసుకోవాలి. స్విట్జర్లాండ్‌లో హోటల్ ఇంటర్న్‌ల కనీస జీతం కార్మికులకూ యజమానులకూ మధ్య కుదిరిన ఒప్పందంలోనే రాసి ఉంటుంది. ఆస్ట్రేలియాలో 2023 జూలై నుంచి, తరగతులు నడిచే రోజుల్లో విద్యార్థి రెండు వారాలకు 48 గంటలే పని చేయాలి. కోర్సులో తప్పనిసరి భాగంగా నమోదైన ఇంటర్న్‌షిప్ గంటలు మాత్రం అందులోకి రావు. కోర్సులో లేని పనిని ఏజెంట్ "ఇంటర్న్‌షిప్" అని చెప్తే ఇరుక్కునేది మనమే.

ఇంకోటి, మన ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాస్టర్స్ నుంచి పైచదువులకే, అదీ ఏటా 20 మందికే. డిగ్రీకి పోతే చాలా ఇళ్లలో అప్పే గతి. కాబట్టి డబ్బు కట్టకముందే అడగాలి: ఇంటర్న్‌షిప్ కోర్సులో రాసి ఉందా? హోటల్ ఎవరు చూపిస్తారు? జీతం ఎంత? ఎన్ని విభాగాలు తిప్పుతారు?

రిట్జ్ కథ విన్నాక ఆ అన్న మళ్లీ ఇంటికి ఫోన్ చేశాడు. నాయన అంతా విని, "సరే, నేర్పిస్తామని కాగితం మీద రాసిస్తారా మరి?" అన్నాడు. ఆ కాగితం కోసమే ఇప్పుడు ఎదురుచూస్తున్నాం. అది వచ్చాకే ఫీజు మాట.