ఆరో కొడుకు

మొన్న జనవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున చీరాల నుంచి వాడరేవు దాకా నడిచాం. అరవై మందిమి ఉంటాం. బడి మానేసిన ఆడపిల్లల్ని మళ్ళీ చదివించటానికి నిధి పోగుచెయ్యాలని ఊళ్ళో కొందరు టీచర్లు తలపెట్టిన నడక అది. అందరికీ ఒకే రంగు టీషర్టులిచ్చారు. నాలాంటి పెద్దవాళ్ళు చీర మీదే తొడుక్కున్నారు. కిలోమీటరుకింతని తెలిసినవాళ్ళ దగ్గర ముందే చందాలు రాయించుకున్నాం. దూరం ఆరేడు కిలోమీటర్లే అయినా, రిటైరైన చరిత్ర లెక్చరర్ మోకాళ్ళకి అది దండి యాత్రే.

రేవు దగ్గర చేపల టబ్బు పక్కన ఆటో కోసం కూర్చున్న ఒక పెద్దావిడ మమ్మల్ని ఎగాదిగా చూసి అడిగింది: "ఏందమ్మా ఇది, ఏడకి పోతన్నారు?"

చెప్పాను.

"నడిస్తే డబ్బులిత్తారా?" అంది. ఆవిడ గొంతులో వెటకారం లేదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. "నేను పాతికేళ్ళు గంప నెత్తినెట్టుకుని చీరాల నడిచా. ఇప్పుడంటే ఆటోలొచ్చినయ్. నాకెవురూ ఇయ్యలేదే!"

అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది. కానీ ఆ మాట నాతోపాటే ఇంటికొచ్చింది. నడక ఎప్పుడు పాదయాత్ర అవుతుంది? ఎవరు నడిస్తే అవతలివాళ్ళ చెయ్యి జేబులోకో, పొలం కాగితాల మీదకో వెళ్తుంది? ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠంగా చెప్పిన విషయాన్నే మళ్ళీ మొదటినుంచి చదవాల్సొచ్చింది.

నడుస్తూ దానం అడగటం మన దేశంలో సన్యాసులకీ భిక్షువులకీ పాత అలవాటే. దాన్ని రాజకీయాల్లోకి తెచ్చినవారు గాంధీగారు. 1933 నవంబరులో వార్ధా నుంచి మొదలుపెట్టిన హరిజన యాత్రని 1934 మే నెలలో ఒరిస్సాకొచ్చేసరికి రైళ్ళూ మోటార్లూ వదిలేసి కాలినడకకి మార్చారు. మొత్తం యాత్రలో దాదాపు ఎనిమిది లక్షల రూపాయలు పోగయ్యాయి. ఆ తర్వాత అంతకన్నా పెద్ద నడక వినోబా భావేది. అది మొదలైంది మన తెలుగు నేల మీదే.

1951 మార్చిలో వినోబా సేవాగ్రాం నుంచి హైదరాబాదు దగ్గరి శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి నెల రోజులు నడిచి వచ్చారు. సభ అయ్యాక తెలంగాణ పల్లెల్లోకి నడిచారు. అప్పటికి అక్కడ సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు, సైన్యమూ కదల్లేదు. ఏప్రిల్ 18న పోచంపల్లి దళితవాడలో నలభై కుటుంబాలవాళ్ళు మాకు ఎనభై ఎకరాలుంటే బతుకుతామన్నారు. ఎవరైనా ఇస్తారా అని వినోబా సభలో అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలిస్తానన్నారు. తర్వాత యాభై ఒక్క రోజుల్లో, రెండొందల ఊళ్ళలో, పన్నెండు వేల ఎకరాలకు పైగా వచ్చింది. ఆ యాత్ర అక్కడితో ఆగక, బీహారు, బెంగాలు, ఒరిస్సా, 1955-56లో మన ఆంధ్ర, తమిళనాడు, కేరళ, ఆ తర్వాత కాశ్మీరు, అస్సాం మీదుగా పదమూడేళ్ళు నడిచింది. మొత్తం మీద సుమారు 42 లక్షల ఎకరాలు దానపత్రాలకెక్కాయి. అందులో రాళ్ళూ రప్పలూ, కోర్టు తగాదాల్లో ఉన్నవీ, కాగితం మీద తప్ప ఎక్కడా లేనివీ చాలా ఉన్నాయి. అయినా ఒక బక్కపలచని మనిషి తెల్లవారకముందే లేచి లాంతరు వెలుగులో నడిచి అడిగితే అంత నేల కదిలిందన్నది చిన్న విషయం కాదు. ఆ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను.

ఆయన ఎలా అడిగారన్న దగ్గరే నేను ఆగిపోయాను.

మీకు అయిదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాడిననుకోండి, నా వాటా నాకివ్వండి, పేదవాళ్ళకి పంచుతాను. ఆయన వాదన సారాంశం ఇది. దేశంలో సాగుభూమి ముప్ఫై కోట్ల ఎకరాలు, అందులో ఆరోవంతు అయిదు కోట్ల ఎకరాలు తన లక్ష్యం. దానమంటే భిక్ష కాదు, సమంగా పంచుకోవటం అనేవారాయన. ఎంత చక్కటి తర్కం! బిచ్చం అడగలేదు, ఇంట్లో మనిషిగా హక్కు అడిగారు. ఈ వాక్యాన్ని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. పిల్లలు నోట్సు రాసుకునేవాళ్ళు. నేనుగానీ, ఆ పిల్లల్లో సగం మంది ఆడపిల్లలుగానీ, ఆయన కొడుకుగానే ఎందుకు అడిగారని ఒక్కసారీ అనుకోలేదు.

ఎందుకంటే 1951లో మన ఇళ్ళల్లో కూతురిగా అడిగితే వచ్చేది సున్న. ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టగానే వాటా, కూతురికి మనువర్తి, పెళ్ళి ఖర్చు. భర్త పోయిన స్త్రీకి 1937 చట్టం ఇచ్చింది కూడా బతికున్నంతకాలం అనుభవించే పరిమితమైన హక్కే. వినోబాకి ఆ సంగతి తెలియక కాదు. ఎదుటివాడి మనసులో ఏ పేగు కదిలితే చెయ్యి కదులుతుందో ఆయనకి బాగా తెలుసు. అందుకే కొడుకయ్యారు.

ఆ సంవత్సరమే సెప్టెంబరు 12న ఆయన పౌనారు నుంచి ఢిల్లీకి నడక మొదలుపెట్టారు. ఆయన దారిలో ఉండగానే ఢిల్లీలో, కూతురికి ఆస్తిలో వాటా ఇస్తానన్న హిందూ కోడ్ బిల్లు పార్లమెంటులో మూలపడింది. సెప్టెంబరు 27న అంబేద్కర్ న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఈ రెండు తేదీలూ నేను వేర్వేరు పాఠాల్లో చెప్పేదాన్ని. ఒకటి భూసంస్కరణలు, ఇంకొకటి రాజ్యాంగం తర్వాతి రాజకీయాలు. పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఎలా ఉందంటే, ఇంటి బయటినుంచి వచ్చిన ఆరో కొడుక్కి దేశం మొత్తం తలుపు తీస్తోంది, ఇంట్లోనే పుట్టిన కూతురు అడిగితే అదే దేశం కుటుంబం కూలిపోతుందని గోల పెడుతోంది.

ఆస్తి లేనివాళ్ళు దానమెలా చేస్తారు? ఆడవాళ్ళు నగలిచ్చారు. గాంధీగారు మన ప్రాంతంలో తిరిగినప్పుడల్లా జోలె నిండింది గాజులతో, గొలుసులతో. 1921లో ఏలూరులో మాగంటి అన్నపూర్ణాదేవి ఒంటిమీది నగలన్నీ ఇచ్చేశారు. కాకినాడలో చిన్నపిల్ల దుర్గాబాయి, దేవదాసీలతో, ఘోషా స్త్రీలతో గాంధీగారిని మాట్లాడించాలని అయిదు వేలు పోగుచేస్తే, సభలో ఆ స్త్రీలు ఇచ్చిన నగలూ డబ్బూ పాతిక వేల దాకా వచ్చాయి. ఆ దుర్గాబాయమ్మే పెద్దయ్యాక పార్లమెంటులో కోడ్ బిల్లు పక్షాన నిలబడ్డారు.

మా నాయనమ్మ కూడా 1933 డిసెంబరులో గాంధీగారు మన జిల్లాలకొచ్చినప్పుడు ఒక చేతి గాజు ఇచ్చింది. అది పుట్టింటివాళ్ళు పెట్టింది. ఇంటికొచ్చాక తాతయ్య మూడు రోజులు మాట్లాడలేదట. "నాదని చెప్పుకునేది నా వొంటిమీదున్నదేగా, అదే ఇచ్చా," అనేది నాయనమ్మ, ఆ కథ చెప్పినప్పుడల్లా. రెండో చేతి గాజు కూడా ఇచ్చేసుంటే బాగుండేదనీ, ఒంటి గాజు చూసుకున్నప్పుడల్లా చిరాకేసేదనీ అనేది. ఆ తాతయ్యే 1956లో భూదానంలో పర్చూరు వైపు రెండెకరాలు రాసిచ్చాడు. నల్లరేగడి కాదు, చవుడు. ఏడాది పొడుగునా ఇంట్లో దాని గురించే మాట. వచ్చినవాళ్ళందరికీ దానపత్రం చూపించేవాడట. గాజుకి రసీదు లేదు.

ఇక నా సంగతి. నాన్న పోయాక 1998లో నన్నూ చెల్లాయినీ రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్ళారు. హక్కు విడుదల దస్తావేజు. ప్రేమాభిమానాల వల్ల, ఎవరి బలవంతమూ లేకుండా మా భాగం వదులుకుంటున్నామని రాసుంది. 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా వచ్చిందని పత్రికల్లో గొప్పగా రాశారు గానీ, అప్పటికే పెళ్ళయినవాళ్ళకి అది వర్తించదు. నా పెళ్ళి 1979లో అయింది. అయినా నాన్న వంతులో, 1956 చట్టం ప్రకారం, అన్నదమ్ములతో సమానంగా నాకూ భాగముంది. నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను. పెద్దన్నయ్య పట్టుచీర పెట్టాడు. చిన్నన్నయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుని "నువ్వు అడిగుంటే ఇచ్చేవాళ్ళమే" అన్నాడు. నిజమే అనుకుంటాను. కానీ ఆడపడుచు అడిగితే పుట్టింటి గుమ్మం మూసుకుంటుందని మనకి చిన్నప్పటి నుంచీ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. దస్తావేజు రాసిన పెద్దమనిషి "అమ్మాయిలది దానగుణం" అని మెచ్చుకున్నాడు. నన్ను అడగటానికి ఎవరూ నడిచి రాలేదు. అడగకుండానే అనుకున్నారు. 2005లో దేశమంతటికీ చట్టం మారింది, 2020లో సుప్రీంకోర్టు సందేహాలు తీర్చింది. ఆ వార్తలు నేను మిగతావాళ్ళలాగే పేపర్లో చదివాను. వాడరేవు నుంచి చిలకలూరిపేట మీదుగా పిడుగురాళ్ళకి పోయే జాతీయరహదారి పుణ్యమా అని ఆ వైపు పత్తి, మిరప చేలని ఇప్పుడు గజాల్లో కొలుస్తున్నారు.

ఆరో కొడుకు వెనక నడిచిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళ గురించి పాఠ్యపుస్తకంలో ఒక్క లైను లేదు. సంగెం లక్ష్మీబాయి బాల్యవివాహం నుంచి బయటపడి మన గుంటూరు శారదానికేతనంలో చదువుకుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు నడిపిన ఆ బడి నుంచి ఉప్పు సత్యాగ్రహానికీ జైలుకీ వెళ్ళింది. వినోబా తెలంగాణలో తొలి పాదయాత్ర చేసినప్పుడు ఆయనతో నడిచింది. తర్వాత మూడుసార్లు లోక్‌సభకి గెలిచింది, అందులో రెండుసార్లు మెదక్ నుంచి. తన జైలు జ్ఞాపకాలు తనే రాసుకోబట్టి ఆమె మనకి మిగిలింది. మహాదేవీతాయి ఏళ్ళ తరబడి వినోబా తిండీ ఆరోగ్యమూ కనిపెట్టుకుని నడిచింది. అంటే దిగినచోట మగవాళ్ళు మాట్లాడుతుంటే ఆమెకి ఇంకో పని మొదలయ్యేదన్నమాట. నాగపూరులో కాలేజీ పాఠాలు చెప్పుకునే నిర్మలా దేశ్‌పాండే 1952లో చేరి, నలభై వేల కిలోమీటర్లు నడిచింది. వినోబా ప్రసంగాలు ఎప్పటికప్పుడు రాసి పుస్తకాలుగా కూర్చింది. భూదానం గురించి మనకి ఈనాడు తెలిసినదాంట్లో సగం ఆమె చేతిరాత. పెళ్ళి చేసుకోలేదు, 2008లో పోయేదాకా శాంతియాత్రలంటూ తిరుగుతూనే ఉంది. ఆమెని వినోబా మానసపుత్రిక అనేవారు. ఆ పుత్రికకి మాత్రం వారసత్వంగా నడక వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1953 జనవరి 1న, అమెరికాలో మిల్‌డ్రెడ్ నార్మన్ అనే ఆవిడ తన పేరు వదిలేసి 'శాంతి యాత్రికురాలు' అన్న చొక్కా తొడుక్కుని దేశం ఆ చివర నుంచి ఈ చివరకి నడవటం మొదలుపెట్టింది. చేతిలో పైసా లేదు. ఎవరైనా పెడితేనే తిండి, చోటిస్తేనే పడక. 1981లో పోయేదాకా అలాగే. ఒక ఆడమనిషి ఎవరి వెనకా కాకుండా, ఎవరి తరఫునా కాకుండా ఒక్కతే నడవటం చదివితే నాకు ముచ్చటేసింది, కొంచెం కుళ్ళు కూడా. మన దగ్గర షర్మిల 2012 అక్టోబరు నుంచి 2013 ఆగస్టు దాకా ఇడుపులపాయ నుంచి ఇచ్ఛాపురానికి మూడు వేల కిలోమీటర్లు దాటి నడిచింది. రాజకీయాలు పక్కన పెట్టినా అది మామూలు నడక కాదు. కానీ అది కూడా జైల్లో ఉన్న అన్న తరఫున.

తెలంగాణలో దానం కోసం ఎదురుచూడని ఆడవాళ్ళూ ఉన్నారు కదా అని మీరు అడుగుతారు. ఉన్నారు. పాలకుర్తిలో ఐలమ్మ విసునూరు దొర మనుషుల్ని ఎదిరించి తన చేను పంట ఇంటికి తెచ్చుకుంది. వాళ్ళ గొంతులు 'మనకు తెలియని మన చరిత్ర'లో విన్నాం. పోరాటం ఆగిపోయాక తమని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళమన్నారన్న బాధ కూడా అందులోనే విన్నాం. కాబట్టి పోరాటం ఒప్పు, దానం తప్పు అని తేల్చెయ్యటానికి నాకు మనసొప్పదు. పోరాడి తెచ్చుకున్న నేలైనా, అడిగి తెచ్చుకున్న నేలైనా చివరికి పట్టా మీద ఎక్కింది ఇంటి యజమాని పేరే. నా గొడవంతా ఆ కాగితం దగ్గరే.

మళ్ళీ వెళ్ళాను వాడరేవుకి, ఈసారి ఆటోలో, టీషర్టు లేకుండా. పెద్దావిడ ఇసకలో పరిచిన ఎండుచేపల్ని తిరగేస్తోంది. గుర్తుపట్టి "మీ డబ్బులెన్నొచ్చినయ్యమ్మా?" అంది. చెప్పాను. మంచిదేనంది. సునామీ వచ్చిన రోజు నీళ్ళు ఎందాకా వచ్చాయో చేత్తో చూపించింది. మాటల్లో ఇంటిస్థలం సంగతి వచ్చింది. ఎవరి పేరున ఉందని అడిగాను.

"పట్టా నా పేరునే ఉందమ్మా. ఆడోళ్ళ పేరునే ఇచ్చారుగా మొత్తం," అంది.

"మరి జాగ్రత్తగా దాచుకున్నారా?"

"కాయితమా? మా పెద్దోడి పెట్లో ఉంది." చేప తిరగేస్తూ కాసేపు ఆగింది. "తాళం ఆడి కాడే ఉంటది. అడగాల."