కుబుసం విడిచిన పాము, వట్టి చేతుల గిల్గమేష్

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో జానెడు ఎత్తున్న రాతిపాత్ర ఒకటి ఉంది. చెక్కడానికి అనువైన మెత్తని బలపపు రాయితో చేసినది. దక్షిణ ఇరాక్‌లోని తెల్లో దిబ్బల్లో, అంటే ప్రాచీన గిర్సు నగరంలో, ఫ్రెంచివారి తవ్వకాల్లో బయటపడింది. క్రీ.పూ. 2100 ప్రాంతంలో లగష్ రాజ్యాన్ని ఏలిన గుడియా, తన ఆయుష్షు కోరి, ఇష్టదైవమైన నింగిష్‌జిదాకు దీన్ని సమర్పించాడు. పాత్ర మీద ఒక దండం, దాన్ని పెనవేసుకున్న రెండు పాములు, ఇరుపక్కలా రెక్కలున్న వింత మృగాలు కనిపిస్తాయి.

ఈ బొమ్మ చూడగానే మనకు రావిచెట్టు కింది నాగశిల గుర్తుకు వస్తుంది. యోగశాస్త్రం తెలిసినవారికి ఇడ, పింగళ, వాటి నడుమ సుషుమ్న కనిపిస్తాయి. జీవశాస్త్రం చదివినవారికి డి.ఎన్.ఎ. మెలిక కనిపిస్తుంది. ఇలా పోల్చుకోవడం సరదాగానే ఉంటుంది. చిక్కంతా పోలికను చరిత్రగా చెప్పినప్పుడే వస్తుంది. డి.ఎన్.ఎ. నిర్మాణం మనకు తెలిసింది 1953లో, అదీ ఎక్స్‌రే చిత్రాల సాయంతో. దాని వెడల్పు మిల్లీమీటరులో అయిదు లక్షల వంతు. కంటికి అందని ఆ మెలికను గుడియా శిల్పి చూడనక్కరలేదు. తాడు పేనిన ప్రతి మనిషికీ రెండు పోగుల మెలిక తెలుసు. పైగా పాములే పెనవేసుకుంటాయి. (మన పొలాల్లో జెర్రిపోతులు అలా లేచి చుట్టుకుంటే సయ్యాట అనుకుంటాం. చాలాసార్లు అది రెండు మగపాముల బలపరీక్ష.) ఇక కుండలినిని వివరించే తంత్రగ్రంథాలు గుడియా తర్వాత రెండు వేల ఏళ్లకు పైగా గడిచాక వచ్చినవి.

నిజానికి ఇలాంటి ఆట మెసొపొటేమియా లేఖకులకు కొత్త కాదు. బాబిలోను సృష్టికావ్యం చివర మర్దుక్ దేవునికి 50 పేర్లు పెట్టి, ఒక్కొక్క పేరులోని అక్షర సంకేతాలను విరిచి అర్థాలు లాగారు. మన అవధానులు సంతోషించే విద్య అది. కాని వారు తమ భాషలో, తమ లిపిలో ఆడారు. మనం ‘ఉర్’ నగరం పేరు వినగానే ‘ఊరు’ అంటాం. ఆ నగరానికి సుమేరియన్లు పెట్టుకున్న పేరు ‘ఉరిమ్’. జెకరియా సిచిన్ 1976లో మరీ ముందుకు వెళ్లి, అనున్నాకి దేవతలు మరో గ్రహం నుంచి దిగి మనిషిని తయారు చేశారని పుస్తకం రాశాడు. మట్టిఫలకాల్లోని అత్రహాసిస్ కథ అంతకన్నా ఆసక్తికరం. కాలువలు తవ్వి తవ్వి అలసిన దేవతలు పని మానేస్తే, ఆ చాకిరీ కోసం మట్టిలో ఒక దేవుని రక్తమాంసాలు కలిపి మనిషిని చేశారట. పూడిక తీయకపోతే పంట దక్కని నేలలోనే ఇలాంటి కథ పుడుతుంది.

పాము విషయంలో ఈ ఫలకాలు చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది. గిల్గమేష్ కావ్యం 11వ ఫలకం చూడండి. జార్జ్ స్మిత్ 1872లో లండన్‌లో చదివి వినిపించిన జలప్రళయ కథ కూడా ఇందులోదే. స్నేహితుడు ఎంకిదు చావుతో బెదిరిపోయిన ఉరుక్ రాజు గిల్గమేష్, కాళ్లకు రాళ్లు కట్టుకుని నీటి అడుగుకు దిగి, ముసలితనాన్ని పోగొట్టే ముళ్లమొక్కను తెచ్చాడు. వెంటనే తినలేదు. ఉరుక్‌లో ఒక ముసలివానికి ముందు తినిపించి చూద్దామనుకున్నాడు. మందును మరొకరి మీద పరీక్షించాలన్న ఆలోచన ఎంత పాతదో గమనించండి! దారిలో చల్లని నీటిమడుగు కనిపించింది. స్నానానికి దిగాడు. వాసన పట్టిన పాము మొక్కను ఎత్తుకుపోతూ, వెళ్లిన దారిలోనే కుబుసం విడిచింది.

ఈ కథ అల్లినవాడు పామును బాగా చూసినవాడు. పాతచర్మం కింద కొత్తపొర సిద్ధమవుతుంది. రెండింటి మధ్య ద్రవం చేరడంతో కళ్లు కొద్దిరోజులు నీలిగా మసకబారి, మళ్లీ తేటపడతాయి. ఆపైన పాము మూతిని రాతికి రాసి, కంటిమీది పొరతో సహా పాతచర్మాన్ని మేజోడు తిరగేసినట్లు వదిలేస్తుంది. నిగనిగలాడుతూ బయటకు వస్తుంది కాబట్టి చావు లేనిదనిపిస్తుంది. అదీ ముసలిదవుతుంది, చస్తుంది.

పామును నిద్రలేచే ఆత్మశక్తిగా చదివేవారు ఈ ఘట్టాన్ని విజయగాథగా మార్చేస్తారు. ఫలకంలో మాత్రం గిల్గమేష్ కూర్చుని ఏడుస్తాడు. చేతికొచ్చింది పోయింది, ఇక దొరకదు. స్నేహితుడూ తిరిగి రాడు. ఆ దుఃఖాన్ని తీసేస్తే కథలో మిగిలేది మన ఊహే.

ఏడ్చిన తర్వాత అతడు పడవవాడు ఉర్షనబితో కలిసి ఉరుక్ చేరుతాడు. గోడ ఎక్కమని, పునాది చూడమని, కాల్చిన ఇటుకేనా కాదా పరీక్షించమని పడవవానితో అంటాడు. ఇరాక్‌లో వార్కా అనే చోట జర్మన్లు 1912 నుంచి జరిపిన తవ్వకాల్లో ఆ నగరప్రాకారం కనిపించింది. చుట్టుకొలత 9 కిలోమీటర్లకు పైనే.