పచ్చబొట్టుకు కూర్చునే ముందు (ఒంటి మీది చరిత్ర – 6)



ఏప్రిల్ దగ్గర పడుతుందంటే మా కాలేజీలో పిల్లలు చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతారు. ఒకడి మణికట్టు మీద బాబాసాహెబ్ సంతకం, ఒకమ్మాయి ముంజేతి మీద 'జై భీమ్', ఇంకొకడి భుజం మీద నీలి చక్రం. ఇంకా వేయించుకోనివాళ్లు ఇన్‌బాక్సులో అడుగుతారు: "సార్, టాటూకి వెళ్తున్నా. ముందు ఏమేం చూసుకోవాలి? ఎంత బేరం ఆడొచ్చు?" మొదటి ప్రశ్నకు జవాబు చివర్లో ఇస్తాను. రెండో ప్రశ్న కోసమే ఈ భాగం ఇంత పొడుగైంది. సూది పట్టిన చేతులు ఎవరివో, ఆ చేతులకు ఈ దేశం ఏమిచ్చిందో తెలుసుకుని ఆ కుర్చీలో కూర్చోండని నా మనవి.

కుర్చీ అన్నాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ఒక శిక్ష ఉంది. కింది కులంలో పుట్టినవాడు పై కులంవాడితో ఒకే ఆసనం మీద కూర్చోబోతే నడుము మీద వాత పెట్టి వెళ్లగొట్టాలట. తొమ్మిదో అధ్యాయంలో నుదుటి మీద వేయాల్సిన గుర్తులు చెప్పారు: దొంగతనానికి కుక్క పాదం, కల్లు తాగితే కల్లు దుకాణం గుర్తు. అంటే మనిషి ఒంటి మీద చెరగని గుర్తు వేయడం ఈ నేలమీద అలంకారం మాత్రమే కాదు, శిక్ష కూడా. సమానంగా కూర్చోవాలనుకోవడమే ఆ శిక్షకు తగిన నేరం. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో తగలబెట్టింది ఈ పుస్తకాన్నే.

తెల్లదొరలు వచ్చి ఈ పద్ధతిని మాన్పించలేదు, చట్టంగా రాశారు. 1797 నాటి బెంగాల్ రెగ్యులేషన్ ప్రకారం జీవిత ఖైదీల నుదుటి మీద వాళ్ల నేరం, శిక్ష వివరాలు పొడిచేవారు. ఉత్తరాదిలో దాన్ని 'గోద్నా' అన్నారు. ఊళ్లో ఆడవాళ్లు ముచ్చటగా పొడిపించుకునే పచ్చబొట్టుకూ అక్కడ అదే పేరు. ఆ చట్టం 1849లో పోయింది. ఆలోచన మాత్రం పోలేదు. 1993లో అమృత్‌సర్ పోలీసులు నలుగురు ఆడవాళ్ల నుదుళ్ల మీద 'జేబుదొంగ' అని పంజాబీలో పచ్చబొట్టు పొడిపించారు. ఆ కేసులో పోలీసులకు శిక్ష పడింది 2016లో. ఇరవై మూడేళ్లు ఆ ఆడవాళ్లు న్యాయం కోసం ఎదురుచూశారు.

ఇది బలవంతపు గుర్తుల చరిత్ర. ఇష్టపడి వేయించుకున్న గుర్తుల చరిత్ర వేరు. అందులో మనకు బాగా తెలిసిన మనిషి ఒకామె ఉంది: ఎరుకల ఆడమనిషి.

మా నాయనమ్మ రెండు ముంజేతుల మీదా తేలు, ముగ్గుచుక్కలు ఉండేవి, గడ్డం మీద ఒక చుక్క. పీహెచ్‌డీ రోజుల్లో నేను తిరగేసిన పుస్తకాల్లో కన్నా ఆమె నోట విన్న వివరమే ఎక్కువ. కోతలయ్యాక ఎరుకలామె బుట్టలు తలమీద పెట్టుకుని పల్లెకొచ్చేది. బుట్టలమ్మేది, సోది చెప్పేది, పచ్చబొట్లు పొడిచేది. ఆముదం దీపం మీద కుండ బోర్లించి పట్టిన మసిలో ఆకుపసరు, బాలింత చనుబాలు కలిపేవాళ్లట. మూడు నాలుగు సూదులు దారంతో కట్టి పొడుస్తుంటే నొప్పి తెలీకుండా పాట ఎత్తుకునేదట. ఆ నల్లటి మసి చర్మం కిందికి పోతే పైకి పచ్చగా, నీలంగా కనబడుతుంది. అందుకే నల్లబొట్టు అనలేదు, పచ్చబొట్టు అన్నారు.

ఇప్పుడు మీరు నన్నడిగే సంగతులు ఆ ఆడవాళ్లకు అప్పుడే తెలుసు. పొడిపించుకునే రోజు పొద్దున్నే నీళ్లు పోసుకుని, కడుపునిండా సంగటి తిని కూర్చునేవాళ్లు. ఖాళీ కడుపుతో కూర్చుంటే కళ్లు తిరుగుతాయని. అయ్యాక పసుపు, ఆముదం రాసుకునేవాళ్లు. జొన్నలెన్ని, పాత చీర ఇస్తారా లేదా అన్నది సూది ముట్టకముందే తేలిపోవాలి. నాయనమ్మ మాటల్లో చెప్పాలంటే, "నెత్తురు కళ్లజూసినాక బేరమాడగూడదురా."

ఆ ఎరుకలామె మన చర్మాన్ని పట్టుకుని గంటలు కూర్చునేది. కానీ పెద్దిళ్లలో ఆమె అరుగు దాటి లోపలికి వచ్చింది లేదు. మన పల్లెల్లో కూడా ఆమెకు దోసిట్లోనే నీళ్లు పోసిన ఇళ్లున్నాయి. బాబాసాహెబ్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత ఇదే. మన కింద ఇంకో మెట్టు ఉందనుకుంటే చాలు, మనమూ పైమెట్టువాళ్లలా నడుచుకుంటాం.

ఇది ఒక్క మన ఊళ్ల కథ కాదు. ఆదిలాబాద్ గోండులకు పచ్చబొట్లు పొడిచేది తోటి ఆడవాళ్లు, వాళ్ల మగవాళ్లు కిక్రి వాయిస్తూ గోండుల కథలు పాడతారు. మధ్యప్రదేశ్ బైగాలకు బాదీ ఆడవాళ్లు. మిథిలలో నట్ ఆడవాళ్లు. ఎక్కడ చూసినా సూది ఊరూరా తిరిగే, సొంత భూమి లేని ఆడవాళ్ల చేతుల్లోనే ఉంది. ఆ సంచార కులాల్లో చాలావాటి మీదే సర్కారు ముద్ర పడింది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే నేరస్థులుగా రాసుకున్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు, పాసు లేకుండా ఊరు దాటకూడదన్నారు. ఊరూరా తిరిగితేనే నడిచే పనికి పాసు అడిగితే ఆ పని ఏమవుతుంది? దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952లో ఆ చట్టం రద్దయింది. స్టువర్టుపురం పేరు చెబితే దొంగల సినిమాలు గుర్తుకురావడం మాత్రం ఇంకా రద్దు కాలేదు.

మన వాళ్లు ఆ సూదిని ఎదురుతిప్పి వాడుకున్న సందర్భాలూ ఉన్నాయి. 19వ శతాబ్దం చివర్లో ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో, చార్‌పారా గ్రామానికి చెందిన పరశురామ్ అనే చమార్ రామనామీ సమాజాన్ని మొదలుపెట్టాడు. గుడిలోకి రానివ్వకపోతే ఒంటినే గుడి చేసుకున్నారు. ముఖం, కనురెప్పలు, వేళ్లు, ఒళ్లంతా 'రామ' అని పొడిపించుకున్నారు. రాముడితో నాకు పేచీ ఉంది. కానీ గుడి తలుపు మూసినవాడికి ఒంటితో ఇచ్చిన ఆ జవాబుతో నాకు పేచీ లేదు. బీహార్‌లోని జిత్వార్‌పూర్‌లో చానో దేవి లాంటి దుసాధ్ ఆడవాళ్లు 1970లలో గోద్నా నమూనాలను కాగితం మీదికి తెచ్చి, పై కులాల మధుబని బొమ్మల పక్కన తమ సొంత శైలిని నిలబెట్టారు. 2024లో ఆ శైలికి చెందిన శాంతిదేవి, శివన్ పాస్వాన్ దంపతులకు పద్మశ్రీ వచ్చింది. మనం గర్వపడాలి. అదే ఊళ్లలో సూదితో తిరిగిన నట్ ఆడవాళ్ల పేర్లు మాత్రం మనలో ఎవరికీ తెలియవు. అదీ గుర్తుంచుకోవాలి.

ఇక మీ దగ్గరికి వద్దాం. మీరు వేయించుకునే 'జై భీమ్' ఈ రెండు చరిత్రలకూ జవాబు. ఎవరో మన మీద వేసిన గుర్తు కాదు, మనం ఎంచుకున్న గుర్తు. కానీ ఒక్కసారి ఆలోచించి వెళ్లండి. 2015లో షిర్డీలో ఒక దళిత యువకుణ్ణి ఫోన్‌లో అంబేద్కర్ పాట రింగ్‌టోన్‌గా పెట్టుకున్నందుకు చంపేశారు. రింగ్‌టోన్ మార్చుకోవచ్చు, చర్మం మార్చుకోలేం. భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ నిర్ణయం ఎంత పెద్దదో మీకు తెలియాలని చెబుతున్నాను. స్నేహితుల పందెం కోసమో, స్టేటస్ కోసమో అయితే ఈ ఏడాదికి ఆగండి.

ఉద్యోగాల సంగతి. మీలో చాలామంది కానిస్టేబుల్, కేంద్ర బలగాల పరీక్షలు రాస్తున్నారు. కేంద్ర బలగాల నోటిఫికేషన్లలో టాటూ మీద నిబంధన ఉంటుంది: మత చిహ్నాలు, పేర్లకు అనుమతి, అదీ ఎడమ ముంజేతి లోపలి వైపు లేదా అరచేతి వెనక, ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువ సైజులో. సెల్యూట్ కొట్టే కుడిచేయి మీద కుదరదు. నినాదం సంగతి అందులో లేదు, మెడికల్‌లో అడ్డం పెట్టడానికి అది చాలు. మీరు రాసే పరీక్ష నోటిఫికేషన్ పూర్తిగా చదివాకే చోటు ఎంచుకోండి.

రక్తం సంగతి. ఏప్రిల్ 14న మనం రక్తదాన శిబిరాలు పెడతాం. టాటూ వేయించుకున్నాక 12 నెలలు రక్తం తీసుకోరు. కాబట్టి ముందు రక్తం ఇచ్చి, నాలుగు రోజులు తేరుకున్నాకే టాటూకి వెళ్లండి. ఈ నిబంధనకు కారణం హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ. జాతరలో ఒకే సూదితో వందమందికి వేసేచోట కూర్చోవద్దు. కొత్త సూది ప్యాకెట్ మీ ముందే విప్పమని, సిరా చిన్న కప్పులోకి విడిగా పోయమని, గ్లౌజులు మార్చమని అడగండి. మర్యాదగా అడిగితే మంచి ఆర్టిస్టు ఎవరూ నొచ్చుకోరు. పైగా ఆ జాగ్రత్త వాళ్ల ప్రాణానికీ అవసరమే. మీ నెత్తురు మీద వంగి పనిచేసేది వాళ్లే.

తెలుగు మాస్టారిగా ఒక మాట. టాటూ ఆర్టిస్టుకి తెలుగు చదవడం రావాలని లేదు. మీ అక్షరాలు మీరే పెద్దగా రాసి తీసుకెళ్లండి. 'భీ' కింద ఒత్తు గీత పోతే 'బీమ్' అవుతుంది, బాబాసాహెబ్ పేరే మారిపోతుంది. గుడిదీర్ఘం, పొల్లు సరిచూసుకోండి. కాలం గడిచేకొద్దీ సిరా చర్మంలో కాస్త పరుచుకుంటుంది, చిన్న అక్షరాల్లో సందులు పూడిపోతాయి. అందుకే అక్షరం పెద్దగా, సాదాగా ఉండనివ్వండి. సూది మొదలవకముందు చర్మం మీద స్టెన్సిల్ అంటిస్తారు, అప్పుడే నిదానంగా చదవండి. తప్పు చెప్పే సమయం అదే.

ఒంటిని సిద్ధం చేసుకోవడం మా నాయనమ్మ చెప్పినట్టే. రాత్రి నిద్రపోండి, పొద్దున స్నానం చేయండి, కడుపునిండా తినండి, నీళ్లు తాగండి. ముందు రోజు నుంచి మందు ముట్టొద్దు, నెత్తురు ఎక్కువ కారుతుంది, చేయి నిలవదు. షుగర్, ఫిట్స్, రక్తం పలచబడే మందులు, అలర్జీ, గాయం మానినచోట కండ ఉబ్బే తత్వం ఉంటే ముందే చెప్పండి. జ్వరం, దగ్గు ఉంటే ఫోన్ చేసి వాయిదా వేసుకోండి. ఆ గదిలో మీ మొహానికి మూరెడు దూరంలో ఒక మనిషి గంటలు ఊపిరి తీస్తూ కూర్చోవాలి.

ఇక బేరం. బొమ్మ, సైజు చెప్పి ధర ముందే అడగండి. మీకు అందకపోతే చిన్నది వేయించుకోండి, లేదా ఇంకో నెల దాచుకోండి. పక్క షాపులో సగానికే వేస్తున్నారని అనొద్దు. ఆ డబ్బులో సూది, సిరా, అద్దె, బొమ్మ గీయడానికి రాత్రి కూర్చున్న గంటలు ఉన్నాయి. కూలి రేటు కోసం ధర్నాలు చేసే మనం కూలి ఇచ్చే చోట దొరలం కాకూడదు. అడ్వాన్స్ ఇస్తే చెప్పిన వేళకు వెళ్లండి. రాలేకపోతే ముందురోజే చెప్పండి, ఆ పూట ఇంకొకరికి ఇస్తారు. ఇంకొకరి బొమ్మ ఫోన్‌లో చూపించి అచ్చం అలాగే దించమనొద్దు. ఐదుగురు స్నేహితుల్ని వెంటేసుకెళ్లొద్దు. నొప్పి పుడితే కదలకుండా నోటితో చెప్పండి, ఆపుతారు.

ఇంకొకటి. సూది నడుస్తుండగా మాటల్లో పెట్టి "మీదే ఊరు? ఇంటిపేరేంటి? మీరేవుట్లు?" అని అడగొద్దు. ఆ ప్రశ్న మనల్ని అద్దె ఇళ్ల గుమ్మాల దగ్గర, హాస్టళ్లలో, స్టాఫ్ రూముల్లో ఎంత కోసిందో మనకు తెలుసు. మన చేయి పట్టుకున్న మనిషిని మనం అదే ప్రశ్నతో కోయకూడదు.

బయటికొచ్చాక పని మీదే. ఆర్టిస్టు చెప్పినన్నాళ్లు మెత్తని సబ్బుతో కడగండి, ఎండ తగలనివ్వొద్దు, పూర్తిగా మానేదాకా చెరువులో, ఈతకొలనులో దిగొద్దు, పొక్కు గిల్లొద్దు. ఎర్రదనం పెరిగినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికే పోవాలి. బాగా మానితే ఆర్టిస్టు పేరు చెప్పి ఫొటో పెట్టండి. శతాబ్దాల పాటు పేరు లేకుండా పోయిన పని ఇది.

బాబాసాహెబ్ సంతకం చేతి మీద ఉన్నవాళ్లు మనిషితో ఎలా మాట్లాడారో అవతలివాళ్లు గమనిస్తారు. మొదట గమనించేది ఆ సంతకం పొడిచిన మనిషే.

వచ్చే భాగంలో స్కూలు సర్టిఫికెట్లలో రాసే 'పుట్టుమచ్చల' గురించి, నేరస్థ తెగల రిజిస్టర్ల గురించి. మీ ఊళ్లో పచ్చబొట్లు పొడిచిన అవ్వలు ఇంకా ఉంటే వాళ్ల దగ్గర కూర్చుని వినండి, వాళ్లు సరేనంటే రాసి పంపండి.

జై భీమ్.