అప్పలనాయుడి పేరు ఎక్కడిది?

ఆమదాలవలసకు ఒకపక్క అరసవల్లి, ఇంకాస్త దూరంలో శ్రీకూర్మం, వంశధార ఒడ్డున శ్రీముఖలింగం. ఈ మూడు క్షేత్రాలూ చుట్టుపక్కల ఊళ్లకు సూర్యనారాయణలనూ కూర్మారావులనూ ముఖలింగాలనూ ఇచ్చాయి. వాళ్లకు ఏమాత్రం తీసిపోకుండా వీధివీధినా కనిపించేవాళ్లు అప్పన్నలు, అప్పలనాయుళ్లు, అప్పలరాజులు. ఈ పేరు దాదాపు వంద కిలోమీటర్ల అవతలున్న సింహాచలం నరసింహస్వామి, అంటే సింహాద్రి అప్పన్నదేనని నా నమ్మకం. అప్ప అంటే తండ్రి, పెద్దవాడు అని ద్రావిడ భాషల్లో ఉన్న పాతమాటే కదా, కన్నడనాట బసప్ప ఉన్నాడు, నూజివీడు జమీందార్లలో అప్పారావులున్నారు, దీనికి దేవుడెందుకని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ‘అప్పల’ అని ముందు నిలిచి నాయుడినీ రాజునీ స్వామినీ వెంటబెట్టుకునే పేర్లు ఉత్తరాంధ్రలో ఉన్నంత దట్టంగా ఇంకెక్కడా లేవు. పైగా వాటిలో అప్పలనరసయ్య ఉన్నాడు. తండ్రి అన్న అర్థం ఒక్కటే అయితే నరసింహుడు వచ్చి అప్పల పక్కనే ఎందుకు చేరినట్టు? అదే ఇళ్లలో ఆడా మగా తేడా లేకుండా సింహాచలం అనే పేరు పెట్టుకోవడం కూడా ఆ కొండవైపే చూపిస్తుంది.

అంత దూరపు దేవుడు ఇక్కడికెలా వచ్చాడు? 1890లలో వేసిన రైలుదారి యాత్రను సులువు చేసిన మాట నిజమే. అయితే బంధం అంతకన్నా చాలా పాతది. సింహాచలంలో 11వ శతాబ్దం చివరినాటికే శాసనాలున్నాయి. 13వ శతాబ్దంలో ఆ గుడికి ఇప్పటి రూపం వచ్చింది తూర్పు గాంగ రాజుల ఏలుబడిలో. ఆ గాంగుల పాత రాజధాని కళింగనగరం మన ముఖలింగమేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. అంటే ఆ కొండా ఈ ఏటిగట్టూ ఒకే రాజ్యంలో ఉండేవి. రాజుల కట్టడాలు రైతుబిడ్డకు పేరు పెట్టవు, అది ఒప్పుకోవాలి. పేరు పెట్టించింది మొక్కు. పంట బాగుండాలని, బిడ్డ బతకాలని మొక్కి అప్పన్నకు కోడెదూడను సమర్పించే ఆచారం ఈనాటికీ ఉంది. పశువునే ఇచ్చుకునే దేవుడి పేరు కొడుక్కి పెట్టడంలో వింతేముంది? ఇప్పుడున్న ప్రతి అప్పలనాయుడి వెనకా ఒక మొక్కు ఉందని మాత్రం అనలేం. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు బలమైనది కాబట్టి, చాలా ఇళ్లలో ఆ మొక్కు ఎవరికీ గుర్తులేని తరంలోనే జరిగి ఉంటుంది.